నరాల వైద్యుడు

మాఘమాసము వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి పొలములలో పత్తితీతలు ముగింపునకు వచ్చును, మిరపకోతలు ముమ్మరమగును. ఊరి వెలుపలి కల్లములన్నియు ఎర్రని తివాసులు పరచినట్లుండును. కాయను ఎండబోసి, తాలుకాయను ఏరివేసి, టిక్కీలకెత్తి గుంటూరు మిర్చియార్డునకు తోలువరకు రైతుల యిండ్లలో పిన్నలకును పెద్దలకును తీరిక యుండదు.

అట్టి కల్లమొకదానియందు ఒక ఆదివారమునాడు జరిగిన సంగతి యిది. ఊరి పేరుతో పనిలేదు. ఆ సీమలో ఏ యూరనైనను జరుగుచున్నదే. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె తాత ప్రక్కన కూర్చుండి తాలుకాయలు ఏరుచుండెను. ఉన్నట్టుండి ఆమె చేతిలోని చేట జారిపడెను. ఒక్క కేక వేసి బాలిక వెనుకకు ఒరిగిపోయెను. కాలుసేతులు బిగిసి కొట్టుకొనసాగెను. నోట నురుగు వచ్చెను.

చుట్టునున్నవారు పరుగెత్తివచ్చిరి. ఒకరు ఉల్లిపాయ నలిపి ముక్కుకడ పెట్టిరి. ఒకరు తాళపుచెవుల గుత్తిని గుప్పిట నుంచిరి. మరియొకరు నాలుక కొరుకుకొనునేమో యను భయముచే పండ్ల నడుమ గరిటకాడ దూర్చిరి. రెండు నిమిషములకు కొట్టుకొనుట ఆగెను. ఉల్లిపాయ వలన ఆగినదని కొందరును, తాళముల వలన ఆగినదని కొందరును అనుకొనిరి. ఆ రెండును లేకున్నను అది ఆగియుండెడిదే. గరిటకాడ మాత్రము ముందరి పన్నొకదానిని విరుగగొట్టెను.

బాలిక అరగంటసేపు మత్తుగా నిద్రించి లేచి, తానేల పరుండియున్నదో తెలియక నలుదెసలు చూచెను. ఈలోపల మాటలు పుట్టెను. గాలి సోకినదని ఒకరనిరి. కాకిసోమాల యని ఒకరనిరి. నాయనమ్మ తాయెత్తు కట్టింతుననెను. తండ్రికి వేరొక దిగులు కలిగెను. “బడిలో ఇట్లు పడిపోయినచో పదిమందికి తెలియును. రేపు ఈ పిల్లను ఎవరు చేసికొందురు? ఇక చదువు చాలును” అని అతడు నిశ్చయించెను. తాత యొక్కడే ఒప్పుకొనలేదు. “ముందు గుంటూరు పెద్దాసుపత్రికి పోవుదము. చదువు మాట తరువాత” అని పట్టుపట్టెను.

గుంటూరు వైద్యకళాశాల 1946లో వెలసినది. దానికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజనాసుపత్రినే చుట్టుపట్ల ప్రజలు పెద్దాసుపత్రి యందురు. ఒకప్పుడు మెదడు జబ్బులకు ప్రత్యేక వైద్యము కావలెనన్న ఈ సీమవారు చాల దూరము పోవలసియుండెను. వేలూరులో 1949లో జేకబ్ చాందీ గారును, మదరాసులో 1950లో బి. రామమూర్తి గారును మెదడు శస్త్రచికిత్సా విభాగములను నెలకొల్పిరి. దక్షిణదేశమున ఈ విద్యకు అవి తొలి పీఠములు. నేడు గుంటూరులోనే న్యూరాలజీ వైద్యులు కలరు. జనులు వారిని నరాల డాక్టర్లందురు. పేరు నరములదే కాని, వారు ముఖ్యముగా పరీక్షించునది మెదడు చేయు పనిని.

మరునాటి ఉదయము తాత, తండ్రి, బాలిక, ఆమె పదియేండ్ల తమ్ముడు నలుగురును చీటీ వ్రాయించుకొని వరుసలో కూర్చుండిరి. వంతు వచ్చినపుడు లోనికి పోయిరి. డాక్టరు గారు మొదట బాలికనే అడిగిరి.

“ఏమి జరిగినదమ్మా?”

“కుడిచేయి తిమ్మిరెక్కినట్లైనది, డాక్టరు గారూ. తరువాత నాకేమియు తెలియదు.”

తండ్రి అప్పుడు మిర్చియార్డులో నుండెను. నాయనమ్మ కేక విని వచ్చినదే గాని మొదలు చూడలేదు. తాతకు చూపు మందము. “మొదటినుండి చూచినవారెవరు?” అని డాక్టరు గారు మరల అడిగిరి. తాత వెనుకనుండి తమ్ముడు మెల్లగా చేయెత్తెను.

డాక్టరు గారు కుర్చీ ముందుకు జరుపుకొని, “నీవు చూచినది చూచినట్లు చేసి చూపుము, నాయనా” అనిరి. బాలుడు సిగ్గుపడుచునే చేసి చూపెను. ముందుగా అక్క కుడిచేతి బొటనవ్రేలు కొట్టుకొనెను. పిదప చేయి మోచేతి వరకు ఎగిరెను. నోరు కుడిప్రక్కకు లాగుకొనిపోయెను. ఆ తరువాతనే ఆమె పడిపోయెను. అన్ని అవయవములును కొట్టుకొనెను. డాక్టరు గారు ఒక్కొక్క మాటయు కాగితముపై వ్రాసికొనిరి. పెద్దలెవ్వరును చెప్పలేనిది ఆ పిల్లవాడు చెప్పెను.

మూర్ఛవ్యాధిలో రోగి తనకు జరిగినది తాను చెప్పలేడు. డాక్టరు చూచునప్పటికి మూర్ఛ గడచిపోయి యుండును. కావున కన్నులార చూచినవాని మాటయే ఈ రోగనిర్ణయమునకు సగము ఆధారము. ఈనాడు చరవాణితో తీసిన చిత్రము ఎవరివద్దనైన నున్న డాక్టర్లు దానిని అడిగి చూచుచున్నారు.

బొటనవ్రేలికి అంత ప్రాధాన్యమేల? మన మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణములు కలవు. అవి అతిస్వల్పమైన విద్యుత్తుతో ఒకదానితో నొకటి మాటలాడుకొనును. ఎడమ మెదడు కుడి అవయవములను, కుడి మెదడు ఎడమ అవయవములను నడుపును. ఒకచోటి కణములన్నియు వేళగాని వేళ ఒక్కసారిగా విద్యుత్తు విడిచినచో, అచ్చోటు ఏ యవయవమును నడుపునో అది కొట్టుకొనును. ఆ అలజడి మెదడంతయు ప్రాకినపుడు తెలివి తప్పును. అలజడి ఏ వరుసను ప్రాకినదో అవయవముల కదలికను బట్టి చెప్పవచ్చునని లండనులోని హ్యూలింగ్స్ జాక్సన్ అను వైద్యుడు 19వ శతాబ్దమున కనుగొనెను. మెదడు లోపలిని చూపు యంత్రమేదియు ఆనాడు లేదు. రోగులను ఓపికతో గమనించియే అతడు ఈ సత్యమును గ్రహించెను. బొటనవ్రేలితో మొదలైన మూర్ఛ గనుక ఈ బాలికకు దోషము ఎడమ మెదడులో చేతిని నడుపు తావున ఉండవలయునని డాక్టరు గారు ఊహించిరి.

పిదప ఆయన మరికొన్ని సంగతులు అడిగిరి. జ్వరము వచ్చినదా? రాత్రి నిద్ర లేదా? పత్తికిగాని మిరపకుగాని ఆ దినములలో పురుగుమందు కొట్టిరా? ఈ చివరి ప్రశ్న ఆ సీమలో తప్పక అడుగవలసినది. కొన్ని పురుగుమందులు ఒంటికి పట్టినను, పొరపాటున లోనికి పోయినను నరములను పట్టి చొంగ కార్చి, ఊపిరాడనీయక, మూర్ఛ తెప్పించును. అది విషము వలన కలిగిన ఆపదయే గాని మూర్ఛవ్యాధి కాదు. దాని చికిత్స వేరు; క్షణము ఆలస్యము చేయరాదు. బాలిక విషయమున అట్టిదేమియు లేదు.

అప్పుడు రెండు పరీక్షలు వ్రాసిరి. ఒకటి ఈఈజీ. తలపై జిగట లేపనముతో చిన్న చిన్న బిళ్ళలంటించి మెదడు విద్యుత్తును గీతలుగా గీయించు పరీక్ష యిది. జర్మనీ దేశస్థుడైన హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనుష్యుని మెదడు గీతలను పట్టి, 1929లో లోకమునకు తెలిపెను. తలలోనికి కరెంటు పంపుదురని పల్లెలలో భయపడుదురు. పంపరు, లోనున్న దానిని వినుటయే. రెండవది స్కానింగు. దానిలో ఎడమ మెదడున, డాక్టరు గారు ఊహించిన తావుననే, ఉంగరము వంటి చిన్న వలయము కనబడెను.

అది బద్దెపురుగు పిల్ల చేరిన గూడు. క్షయ వలనను ఇట్టి వలయము కనబడవచ్చును గనుక దానికి తగిన పరీక్షలు కూడ చేసి, క్షయ కాదని తేల్చుకొనిరి. బద్దెపురుగు కడుపులోనున్న మనుష్యుడు ఆరుబయట మలవిసర్జన చేసినచో, దాని గ్రుడ్లు మట్టిలోను నీటిలోను కలియును. కడుగని ఆకుకూరతోను, కడుగని చేతులతోను అవి ఇతరుల కడుపులో చేరి, రక్తముతో మెదడునకు పోవును. మాంసము ముట్టనివారికిని ఈ జబ్బు వచ్చుట ఇందువలననే. మనదేశమున మూర్ఛలకు ఇదియొక ముఖ్య కారణము.

“అయితే ఇది గాలి కాదా, బాబూ?” అని తాత అడిగెను.

“గాలియు కాదు, గ్రహమును కాదు, తాతగారూ. ఇది అంటురోగము కూడ కాదు. మూర్ఛ వచ్చినపుడు తాకినంత మాత్రమున ఎవరికిని రాదు” అని డాక్టరు గారు చెప్పిరి.

పురుగునకును వాపునకును కొలదికాలపు మందులు, మూర్ఛ రాకుండ దినమునకు రెండుసార్లు వేసికొను మాత్రలు వ్రాసియిచ్చిరి. మూర్ఛకు పనిచేయు మందులు లోకమునకు తెలిసి చాలకాలమైనది. ఫినోబార్బిటోన్ 1912లోను, ఫెనిటాయిన్ 1938లోను వాడుకలోనికి వచ్చెను. పిదప ఎన్నియో వచ్చినవి. ఏ మందు ఎవరికన్నది వయస్సును, మూర్ఛ తీరును, బరువును బట్టి యుండును. వాల్‌ప్రోయేట్ అను మంచి మందే గర్భిణులకు వాడినచో పుట్టబోవు బిడ్డకు చేటు కలుగవచ్చును గనుక ఆడపిల్లలకు దానిని వ్రాయుటలో డాక్టర్లు ఎంతయో ఆలోచింతురు. లోకమున సుమారు 5 కోట్లమందికి మూర్ఛవ్యాధి కలదు. సరియైన మందు సరిగా వాడినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ బ్రతుకగలరు.

తండ్రి మనస్సులోని ప్రశ్న అప్పటికి బయటపడెను. “చదువు మాన్పింపవలయునా? పెండ్లి యగునా?”

“చదువు మాన్పినచో మూర్ఛ ఆగదు, చదువు మాత్రము ఆగును” అని డాక్టరు గారనిరి. “కాలువలో, చెరువులో ఒంటరిగా దిగనీయకుడు. ఒంటరిగా పొయ్యిముందు ఉంచకుడు. నేను చెప్పువరకు బండి నడపరాదు. తక్కినవన్నియు తోటి పిల్లలవలెనే.” పెండ్లి మాటకు ఆయన మరియొక సంగతి చెప్పిరి. 1976లో హిందూ వివాహచట్టమును సవరించినపుడు తరచుగా వచ్చు మూర్ఛను పెండ్లికి అనర్హతగా చేర్చిరి. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టమునుండి తీసివేసినది. చట్టము విడిచిన దానిని ఊరు ఇంకను విడువలేదు.

తరువాత తమ్ముని దగ్గరకు పిలిచి, మరల మూర్ఛ వచ్చినచో ఏమి చేయవలయునో నేర్పిరి. చుట్టునున్న గట్టి వస్తువులను తీసివేయవలయును. తలక్రింద మెత్తని గుడ్డ పెట్టవలయును. మెడవద్ద బిగువు వదులు చేసి, కొట్టుకొనుట తగ్గగనే ఒక ప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టవలయును. అట్లైన నురుగు ఊపిరికి అడ్డుపడదు. కాలుసేతులు అదిమి పట్టరాదు. నోట ఏమియు పెట్టరాదు; తెలివి వచ్చువరకు నీరు పోయరాదు. గడియారము చూడవలయును. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల మొదలైనను 108కి ఫోను చేయవలయును. బాలుడు అన్నియు అప్పగించెను. “తాళపుచెవులో?” అని అడుగగా, “బీరువాకు” అనెను. డాక్టరు గారు నవ్విరి.

అందరును లేచిరి. అప్పుడు డాక్టరు గారి దృష్టి తాత కుడిచేతిమీద పడెను. నిజమునకు వారు లోనికి వచ్చినపుడే ఆయన దానిని చూచియుండిరి. ఒడిలో ఊరకయున్న ఆ చేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును మాత్ర నలుపుచున్నట్లు ఆగక కదలుచుండెను. చీటీ అందుకొన చేయి చాచినపుడు కదలిక ఆగెను. తిరిగి ఒడిలో పెట్టగనే మొదలయ్యెను.

“తాతగారూ, మీరును కొంచెము కూర్చుండుడు. ఈ వణకు ఎంతకాలమునుండి?”

“రెండేండ్లైనది. ముసలితనమునకు మందేమున్నది, బాబూ? పిల్లను చూచిరి, చాలును.”

డాక్టరు గారు ఆయన మోచేతిని మెల్లగా వంచి చాచి చూచిరి. అది పండ్లచక్రము తిరిగినట్లు ఆగి యాగి కదలెను. గదిలో నడిపించిరి. అడుగులు చిన్నవి, నడుము ముందుకు వంగినది, కుడిచేయి ఊగుట లేదు, వెనుకకు తిరుగుటకు ఏడెనిమిది అడుగులు పట్టెను. “ఏమైన వ్రాయు అలవాటు కలదా?” అని అడిగిరి. తాత సంచిలోనుండి రామకోటి పుస్తకము తీసెను. తెల్లవారుజామున లేచి పుట నింపనిదే ఆయన కాఫీ త్రాగడు. డాక్టరు గారు మొదటి పుటనుండి త్రిప్పిరి. మొదట గుండ్రముగా, పెద్దవిగానున్న అక్షరములు పుటపుటకు చిక్కిపోయి, తుదకు ఆవగింజలంతయైనవి. రెండేండ్ల వ్యాధిచరిత్ర ఆ పుస్తకములో ఎవరును కోరకుండనే వ్రాయబడియుండెను.

వణకులన్నియు ఒకటి కావు. కాఫీగ్లాసు ఎత్తునపుడు వణకి, ఊరకయున్నపుడు ఆగునది వేరు. అది వంశమున వచ్చుచుండును. తలతిరుగుడునకు వేసికొను కొన్ని మాత్రలవలన వచ్చునది వేరు; డాక్టరును అడిగి ఆ మాత్ర మాన్పించిన క్రమముగా తగ్గును. చిన్నవయస్సున వణకు వచ్చినచో డాక్టర్లు కంటి నల్లగ్రుడ్డు అంచును పరికింతురు. అచ్చట రాగిరంగు వలయమున్నచో శరీరమున రాగి పేరుకొనుచున్నదన్నమాట. దీనిని విల్సన్ వ్యాధి యందురు. వేళకు కనిపెట్టిన మందులతో అదుపులో నుంచవచ్చును. తాతది ఇవి యేవియు కావు. మన వైద్యులు కంపవాతమనునది; 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించినందున లోకమంతట ఆయన పేర పార్కిన్సన్ వ్యాధి యనబడుచున్నది.

దాని కారణము తెలియుటకు నూరేండ్లు పైబడినది. అందు మనదేశపు మొక్కలు రెండింటికి పాత్ర కలదు. మొదటిది సర్పగంధి. దానినుండి తీసిన రిసర్పిన్ అను మందును 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకిచ్చెను. అవి చెవులు వ్రేలవైచి కదలక పడియుండెను. లెవోడోపా అను పదార్థమును ఎక్కింపగా కొలదిసేపటిలో లేచి తిరుగసాగెను. మెదడులో డోపమైన్ అను రసాయనము తగ్గినచో కదలిక తగ్గునని దీనివలన తేలెను. 1960లో వియన్నాలో ఓలే హోర్నికీవిచ్ ఈ వ్యాధితో మరణించినవారి మెదళ్ళను పరీక్షించి, వారికి డోపమైన్ చాల కొరతపడినదని చూపెను. మెదడు నడిమిభాగమున నల్లని చారవంటి తావు కలదు. డోపమైన్ చేయు కణములు అచ్చటివే. అవి నశించుటయే ఈ వ్యాధి. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానము లభించెను.

రెండవ మొక్క దూలగొండి. కంచెలమీద ప్రాకు ఈ తీగ కాయల నూగు తాకినచో ఎంత దురదయో పల్లెపిల్లలకు చెప్పనక్కరలేదు. తోటివాని చొక్కాలో వేసి దెబ్బలు తిన్నవారును ఉందురు. ఆ కాయలలోని గింజలయందు లెవోడోపా కలదని 1937లోనే మదరాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అను ఇరువురు వెలికితీసి ప్రకటించిరి. అది కంపవాతమునకు మందగునని అప్పటికి ఎవరును ఎరుగరు. మాత్రగా కొంచెము కొంచెము పెంచుచు ఇచ్చిన రోగులు బాగుపడుదురని 1967లో అమెరికాలో జార్జి కొట్సియాస్ నిరూపించెను.

ఈ సంగతి విని తాత ఉత్సాహపడి, “మా చేని కంచెనిండ అదే, బాబూ! పొడిచేసి తినెదను” అనెను. డాక్టరు గారు వారించిరి. గింజగింజకు మందు పాలు మారును. ఎక్కువైనచో వాంతులు, మతిభ్రమ కలుగును. ఆసుపత్రి మాత్రలో లెవోడోపా ఎంతయున్నదో తూచి యుండును. అది మెదడు చేరకముందే దారిలో ఖర్చు కాకుండ కార్బిడోపా అను మరియొక మందును అందు కలుపుదురు. డోపమైన్‌నే ఇచ్చిన చాలదా యన్న, అది రక్తమునుండి మెదడులోనికి ప్రవేశింపజాలదు. లెవోడోపా ప్రవేశించి, లోపల డోపమైన్‌గా మారును. పప్పు, పాలు, మాంసములతో కలిపి వేసికొన్నచో వాటిలోని మాంసకృత్తులు దానికి అడ్డుతగులును. కనుక భోజనమునకు కనీసము అరగంట ముందు వేసికొనుమనిరి. ఇది వ్యాధిని నయముచేయు మందు కాదనియు, కొన్నేండ్లకు దాని బలము నిలుకడ తప్పవచ్చుననియు, అప్పుడు మోతాదులు మార్చవలసియుండుననియు దాచక చెప్పిరి. మందులకు లొంగని కొందరికి మెదడులో సన్నని తీగె నుంచి విద్యుత్తుతో వణకును అణచు పద్ధతి 1987లో ఫ్రాన్సులో బెనాబిడ్ మొదలుపెట్టెను. అది నేడు హైదరాబాదులోను జరుగుచున్నది. తాతకు దాని అవసరము లేదు.

నాలుగు నెలలు అంతయు సవ్యముగ గడచెను. బాలిక బడికి పోవుచుండెను. వేసవిలో బంధువుల పెండ్లికి పోయి, ఆ సందడిలో రెండుదినములు మాత్రలు మరచెను. మూడవనాటి ఉదయము మరల మూర్ఛ వచ్చెను. ఉల్లిపాయలు వచ్చెను, తాళములు వచ్చెను. తమ్ముడు అందరిని దూరముగ నిలిపి, అక్కను ప్రక్కకు త్రిప్పి, గోడగడియారమువైపు చూచుచు కూర్చుండెను. రెండు నిమిషములలో ఆగెను. ఈసారి పన్ను విరుగలేదు.

డాక్టరు గారు కోపపడలేదు. తప్పిపోయిన దినములెన్నియో అడిగి వ్రాసికొని, ఆ మాత్రలనే కొనసాగింపుమనిరి. మూర్ఛలు పూర్తిగా నిలిచి కొంతకాలము గడచి, స్కానింగులో వలయము మాయమైన పిదప మెల్లమెల్లగా తగ్గింతుమనిరి. తమంతట తాము మానరాదనిరి. తాత అడుగులు కొంచెము పెద్దవైనవి. వణకు పూర్తిగా పోలేదు. చొక్కా గుండీలు మాత్రము తానే పెట్టుకొనుచున్నాడు. ఆ దినమున ఆయన క్రొత్త రామకోటి పుస్తకము తెచ్చి చూపెను. అక్షరములు మొదటి పుస్తకమునందంత గుండ్రముగ లేకున్నను, కంటికి ఆనుచున్నవి. ప్రతి పుట అంచునను ప్రొద్దుటి గంటలు రెండు వ్రాసియున్నవి. ఒకటి తాను మాత్ర వేసికొన్న గంట. రెండవది మనుమరాలు తన ఎదుట వేసికొన్న గంట.